లాగి చూసే ఇల్లు

మా అత్తవారి దుకాణం బోర్డు మీద పెద్ద తాళం కప్ప బొమ్మ, దాని కింద ‘మూడు తరాల నమ్మకం’ అన్న మాటలు ఉంటాయి. ఆ మూడు తరాల్లో ఒక్కరంటే ఒక్కరు ఇంకొకరిని నమ్మిన పాపాన పోలేదు. ఈ సంగతి బోర్డు రాసినవాడికి తెలియదు. పెళ్ళికి ముందు నాకూ తెలియదు.

కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో తాళాలు, గడియలు, బీరువాలు, ఇనప్పెట్టెలు అమ్ముతారు. గల్లా వెనక గోడ మీద మా ఆయన తాతగారి ఫోటో ఉంటుంది. ఆ మహానుభావుడు పోతూ పోతూ ఒక మాట చెప్పి పోయాడట. “వేసిన తాళం లాగి చూడందే అక్కణ్ణుంచి కదలొద్దు. వేసినవాడు నీ కన్నతండ్రైనా సరే, లాగి చూడు.” ఆస్తి పంచుకోవడంలో తగువులాడుకున్న వంశం ఈ మాట పంచుకోవడంలో మాత్రం ఎక్కడా పేచీ పెట్టలేదు.

సాయంత్రం మా మరిది షట్టరు దించి తాళం వేస్తాడు. మా ఆయన లాగి చూస్తాడు. అన్నదమ్ములిద్దరూ మెట్లెక్కి పైకి రాగానే మామగారు గాలి పీల్చుకోవడానికన్నట్టు కిందికి దిగి లాగి చూస్తారు. ఆయన పైకొచ్చాక అత్తగారు “లాగారా?” అని అడుగుతారు. లాగానంటే సరేనంటారు. కాసేపాగి చెత్తబుట్ట పట్టుకుని ఆవిడా కిందికి దిగుతారు. ఆ చెత్తబుట్టలో చాలాసార్లు చెత్తే ఉండదు.

కాపురానికొచ్చిన కొత్తలో వంటింటి కిటికీ గడియ పెట్టి ఇలా తిరిగానో లేదో, వెనక టక్‌మని చప్పుడైంది. అత్తగారు లాగి చూస్తున్నారు. నా వైపు చూసి చక్కగా నవ్వారు కూడా. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. తర్వాత ఒళ్ళు మండేది. మా పుట్టింటివాళ్ళు దర్జీలు. ఒకరు వేసిన కుట్టు ఇంకొకరు లాగి చూస్తే అక్కడ కత్తెర లేస్తుంది. ఆ తర్వాత్తర్వాత నవ్వూ పోయింది, మంటా పోయింది. అలవాటైపోయింది.

ఇలాంటి ఇంట్లోకి ఒక హామ్‌స్టర్ వచ్చింది.

మా అమ్మాయి నాలుగో తరగతి. దాని స్నేహితురాలి వాళ్ళు వేరే ఊరికి వెళ్ళిపోతూ, తీసుకెళ్ళలేమని పంజరంతో సహా ఇచ్చేశారు. గోధుమరంగు ఒళ్ళు, మిరియాల్లాంటి కళ్ళు. పెట్టిన గింజలన్నీ నోట్లో కుక్కుకుని బుగ్గలు పూరించుకుని కూర్చుంటుంది. అందుకే దానికి ‘బుగ్గలు’ అని పేరు పెట్టింది మా పిల్ల.

“ఎలుకని తెచ్చి నట్టింట్లో పెట్టారేమిటి?” అన్నారు మామగారు.

“ఎలుక కాదు తాతయ్యా, హామ్‌స్టర్.”

“పేరు మార్చుకుంటే ఎలుక కాకుండా పోతుందా?”

అన్నారే గానీ, పిల్ల ఇటు తిరగ్గానే వంగి పంజరం తలుపు లాగి చూశారు. నేను చూశాను. ఆయన రక్తంలో ఉన్నదే కదా అని ఊరుకున్నాను.

మొదటిసారి అది తప్పించుకున్నప్పుడు మామగారి బూటులో దొరికింది. కాలు పెట్టబోయి ఆయన వేసిన కేకకి వీధి చివర బేకరీ అతను కూడా బయటికొచ్చి చూశాడు. పంజరం గడియ పెట్టే ఉంది. అయినా మా ఇంట్లో ఎవరికీ పంజరం మీద అనుమానం రాలేదు. పిల్లే గడియ సరిగ్గా పెట్టకుండా, దొరికిపోతానేమోనని తర్వాత పెట్టేసి ఉంటుందని అందరూ ఒక్క గొంతుతో తేల్చేశారు.

“నేను పెట్టాను. నిజంగా పెట్టాను” అంది మా పిల్ల.

“పెడితే ఎలా వస్తుందే? దానికేమన్నా చేతులున్నాయా?” అన్నారు అత్తగారు.

నిజానికి ఉన్నాయి, చిన్న చిన్నవి, కానీ ఆ మాట అప్పుడు చెప్పేది కాదు.

రెండోసారి తప్పించుకున్నప్పుడు మా పరువే వీధిన పడింది. నగల దుకాణం యజమాని ఒకాయన పెద్ద ఇనప్పెట్టె కోసం వచ్చాడు. అలాంటి బేరం రోజూ తగలదు. మామగారు కొత్త చొక్కా తొడుక్కుని మరీ కిందికి దిగారు. నేను టీ పట్టుకెళ్ళాను కాబట్టి ఇదంతా కళ్ళారా చూశాను. చూపించడానికని పెట్టెల తలుపులు పొద్దుటి నుంచీ తెరిచే ఉన్నాయి. మామగారు ఒకదాని ముందు నిలబడి, “ఈ ఉక్కు చూశారా? ఈ అతుకు చూశారా? మా పెట్టెలో చీమ కూడా దూరదండీ” అంటూ లోపలి అర బయటికి లాగారు.

అరలో బుగ్గలు కూర్చుని ఉంది. నోటి నిండా గింజలు. బేరం ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతున్నట్టు ఆ పెద్దమనిషి మొహంలోకి చూసింది.

“చీమ దూరదన్నారు. ఎలుక దూరిందే?” అన్నాడాయన. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మామగారు అన్నం దగ్గర కూర్చుని తీర్పు చెప్పారు. “ఇంకొక్కసారి అది పంజరం బయట కనబడిందా, జంతువుల దుకాణంలో ఇచ్చేసి వస్తాను. అంతే.” అక్కడితో ఆపి ఉంటే పోయేది. పిల్ల వైపు తిరిగి, “తాళాలవాళ్ళింట్లో పుట్టి గడియ పెట్టడం చేతకాదు. పైగా అబద్ధం ఒకటి” అన్నారు.

మా పిల్ల కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను. మంచం మీద బోర్లా పడుకుని ఉంది.

“నువ్వయినా నమ్ముతావా అమ్మా?”

“నమ్మకేం? నువ్వు చెబితే నమ్మనా?”

ఆ మాట అంటున్నప్పుడు నా కళ్ళు మూలనున్న పంజరం గడియ మీద ఉన్నాయి. పిల్ల దిండులో మొహం దాచుకుంది కాబట్టి సరిపోయింది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, అప్పుడు మొదలైంది గట్టి పంజరం కోసం వెతుకులాట. మామూలు ఇళ్ళలో అయితే ఎవరో ఒకరు వెళ్ళి కొనుక్కొస్తారు. మా ఇంట్లో అందరం వెళ్ళాం. ఒకరు ఎంచింది ఇంకొకరు నమ్మరు కాబట్టి వేరే దారి లేదు.

జంతువుల దుకాణం నడిపే ఆవిడ చురుకైన మనిషి. మేం లోపలికి అడుగు పెట్టిన కాసేపటికే ఆవిడ చురుకంతా దిగిపోయింది. మావాళ్ళు వరసగా ఉన్న పంజరాల తలుపులు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. మామగారు లాగింది మా మరిది లాగాడు, మా మరిది లాగింది మా ఆయన లాగాడు.

“పెద్దాయనా, లాగకండి, అందులో పిట్టలున్నాయి!”

“ఉంటే ఉండనీ అమ్మా. తలుపు గట్టిగా ఉంటే ఎందుకు ఎగురుతాయి?”

ఒక పిట్ట ఎగిరి ట్యూబులైటు మీద కూర్చుంది. మామగారు ఆవిడ వైపు జాలిగా చూశారు. “చూశారా? నాణ్యత లేదు.”

ఆవిడ కుర్చీ ఎక్కి పిట్టని పట్టుకుని, దిగి, ఊపిరి పీల్చుకుని, అమ్మకం వదులుకోవడం ఇష్టం లేక మాకో గాజుతొట్టి చూపించింది. లోతుగా ఉంది. పైన జల్లెడ మూత, రెండు వైపులా క్లిప్పులు.

“హామ్‌స్టర్‌కి ఇది తీసుకోండి. చక్రం కూడా కొంటే దానికి కాలక్షేపం.”

మామగారు తొట్టి చుట్టూ తిరిగారు. “తాళం ఎక్కడ వేయాలి?”

“తాళం ఎందుకండీ దీనికి?”

మూడు తరాల్లో ఆ వంశాన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఆయన మొహం ఎర్రబడింది. గాజుతొట్టిని దాటి దుకాణం చివరిదాకా నడిచి, అక్కడ ఉన్నవాటిల్లో బరువైన ఇనప పంజరాన్ని ఎంచారు. కడ్డీలు సన్నసందుతో దగ్గర దగ్గరగా ఉన్నాయి. తలుపుకి తాళం పెట్టుకునేందుకు మందపాటి కొక్కెం ఉంది. మావాళ్ళు ముగ్గురూ ఆ కొక్కేన్ని లాగారు, గుంజారు, ఊపారు. అది చెక్కుచెదరలేదు. తలుపు రెండో వైపు ఎలా ఉందో ఒక్కరూ చూడలేదు. తాళాలవాళ్ళకి తలుపంటే తాళం ఉన్న వైపే.

మా పిల్ల మాత్రం గాజుతొట్టి దగ్గరే నిలబడి ఉంది. “నాకు ఇది నచ్చింది” అంది. దాని మాట ఎవరు విన్నారు గనక? నేనూ వినలేదు. మోయడానికి ఆటో దొరుకుతుందా అని వీధిలోకి చూస్తున్నాను.

ఇంటికి రాగానే మామగారు దుకాణంలోంచి మంచి ఇత్తడి తాళం ఒకటి తెచ్చి పంజరానికి వేశారు. వేలెడంత జంతువుకి అరచేతిలో పట్టనంత తాళం. పక్కింటివాళ్ళ అబ్బాయి వచ్చి చూసి, లోపల ఏదన్నా పులి పిల్ల ఉందా అని అడిగి వెళ్ళాడు. తాళంచెవి పిల్ల పడక పక్కన మేకుకి తగిలించారు. సాయంత్రం తిండి పెట్టాక పిల్లే తాళం వేయాలి. “నేను వేశాను” అని అందరికీ వినబడేలా చెప్పాలి. ఇది కొత్త పద్ధతి.

పిల్ల వేసేది, చెప్పేది. అందరూ “సరే” అనేవారు. అలా కొన్నాళ్ళు గడిచాయి. మామగారు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ పంజరం కథ చెప్పుకున్నారు, ఎలుక విషయంలో కూడా తన తాళానిదే గెలుపని.

ఒకరోజు పొద్దున్నే మా పిల్ల ఏడుపుకి లేచాం. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి మేకునే ఉంది. పంజరంలో బుగ్గలు లేదు.

అందరం పంజరం చుట్టూ చేరాం. మామగారు ముందు తాళం చూశారు. లాగారు. తిప్పారు. కాంతిలో పెట్టి చూశారు. ఆయన మొహం వికసించింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి ఆ వీధిలో లేడు.

“తాళంలో లోపం లేదు!” అన్నారు.

“మారు తాళంచెవి ఏమన్నా ఉందేమో?” అన్నాడు మా మరిది.

“ఎవరి దగ్గర, ఎలుక దగ్గరా?” అన్నాడు మా ఆయన.

“ఇంకేముంది?” అన్నారు అత్తగారు. “ఆడుకోవడానికి బయటికి తీసింది. అది చేతిలోంచి జారిపోయింది. తిట్లు తప్పించుకోవడానికి తాళం వేసేసింది.”

“నేను తియ్యలేదు!”

“తాళం తప్పు లేదంటే మనిషి తప్పే ఉండాలి కదమ్మా?” అన్నారు మామగారు. గొంతు మెత్తగానే ఉంది. కోర్టులో ఉరిశిక్ష వేసేవాళ్ళ గొంతు కూడా అంత మెత్తగానే ఉంటుందేమో.

బట్టలుతికే మిషను వెనక బుగ్గలు దొరికింది. పిల్ల దాన్ని తెచ్చి పంజరంలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి తాతగారి చేతికి ఇచ్చేసింది. ఏడవలేదు. “నేను వేశాను” అని కూడా అనలేదు. మర్నాడు దాన్ని జంతువుల దుకాణంలో ఇచ్చేసి రావడానికి నిర్ణయమైంది. ఆ సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి పంజరం ముందు కూర్చుని గింజలు ఒక్కొక్కటే అందిస్తూ ఉంది. అయినా లోపల ఎక్కడో ఒక మాట నన్ను వదల్లేదు: ఒకవేళ నిజంగానే తీసిందేమో.

రాత్రి భోజనాలయ్యాక పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను నీళ్ళ జగ్గు పట్టుకుని పంజరం పక్కనుంచి వెళుతున్నాను. జగ్గు ఎడం చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో తాళం పట్టుకుని లాగాను.

ఎందుకు లాగానో ఎవరన్నా అడిగితే చెప్పలేను. రోజూ లాగేదాన్ని. లాగుతున్నానని నాకే తెలియనంత మామూలుగా లాగేదాన్ని.

తాళం కదల్లేదు. తలుపు రెండో వైపు మాత్రం నా మీదకి వచ్చింది. ఆ వైపు తలుపుని పట్టి ఉంచేవి రెండు తీగ రింగులు. లాగగా లాగగా రెండూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒకటి ఊడి నా కాలి మీద పడింది. చెయ్యి వదిలేసరికి తలుపు మళ్ళీ బుద్ధిగా తన చోట్లోకి వెళ్ళి కూర్చుంది. చూసేవాళ్ళకి ఏ లోపమూ కనబడదు. బుగ్గలు తన గూట్లోంచి లేచి వచ్చి, ఆ సందు దగ్గర ముక్కు పెట్టి, నా వైపు చూసింది. రోజూ తలుపు వదులు చేసిపెట్టేది నేనేనని దానికి ఎప్పుడో తెలుసేమో.

వంగి ఆ రింగు తీసుకున్నాను. దాన్ని వేళ్ళతో నొక్కి పెట్టేసి ఊరుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదని అనను. ఇన్నేళ్ళూ ఈ ఇంటిని చూసి మనసులో నవ్వుకున్నదాన్ని, ఇప్పుడు చేతిలో ఊడిన తీగముక్కతో నిలబడ్డాను. కానీ పిల్ల తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. నా చేతిలోది చూసింది. ఇక తప్పదు.

“అందరూ ఇలా రండి” అని కేక పెట్టాను. వచ్చారు. “ఈ పంజరం తలుపు ఎవరు లాగుతున్నారు?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నలుగురూ నాలుగు వైపులకి చూశారు.

“నేను ఒక్కసారి లాగుతాను, పడుకునే ముందు” అన్నారు మామగారు. “పిల్ల వేసింది కదా, చూసుకోవద్దూ?”

“మీ మామగారు వేళ్ళతో లాగుతారు, గట్టిగా లాగరు” అన్నారు అత్తగారు. “అందుకని నేను.”

“అమ్మకి చేతుల్లో బలం లేదని...” అన్నాడు మా ఆయన.

“అన్నయ్య మర్చిపోతాడేమోనని...” అన్నాడు మా మరిది.

తలుపు రెండో వైపు చూపించాను. ఒక్కొక్కరే వంగి చూశారు. అందరికంటే చివర మామగారు చూసి, గొంతు సవరించుకుని, “తీగ నాసిరకం. తాళం మాత్రం ఏమీ కాలేదు చూశావా?” అన్నారు.

మా పిల్ల అటక కింద పడేసిన పాత పంజరం లాక్కొచ్చింది. దాని తలుపు కూడా అదే వైపు అలాగే ఊగుతోంది. కంచే చేను మేసిందన్నమాట, అదీ రెండుసార్లు. పిల్ల ఆ తలుపుని ఒకటి రెండు సార్లు ఊపి చూసి, అందరి మొహాలూ చూసింది. చివరికి నా దగ్గర ఆగింది.

“నువ్వూ లాగావా అమ్మా?”

“లాగాను.”

“రోజూనా?”

“రోజూ.”

“అయితే నేను వేశానని చెప్పినప్పుడు మీరు ఒక్కళ్ళు కూడా నమ్మలేదు.”

నేను ఏదో చెప్పబోయాను. అలవాటని, మనసులో ఏమీ లేదని. అది నిజమే కావచ్చు గానీ, దాని కళ్ళలోకి చూస్తూ చెప్పే నిజం కాదు. సిగ్గేసింది. అత్తగారు పంజరం తుడవడం మొదలుపెట్టారు, దుమ్ము లేకపోయినా.

మర్నాడు జంతువుల దుకాణానికి నేనూ మా పిల్లా ఇద్దరమే వెళ్ళాం. ఆవిడ మమ్మల్ని గుమ్మంలోనే గుర్తుపట్టి, మా వెనక ఇంకెవరూ లేరని వీధిలోకి తొంగి చూసి, అప్పుడు లోపలికి రానిచ్చింది. గాజుతొట్టి తీసుకున్నాం. చక్రం కూడా అంటగట్టింది. తలుపు లేదు, కొక్కెం లేదు, పట్టుకుని లాగడానికి ఏమీ లేదు. మామగారు దాన్ని చూసి, “తాళం లేని పెట్టెని తాళాలవాళ్ళింట్లో పెట్టారని తెలిస్తే బజారులో నవ్వుతారు” అన్నారు. ఇప్పటికే నవ్వుతున్నారని నేను గుర్తు చేయలేదు.

ఆ సాయంత్రం పిల్ల గింజలు వేసి, మూత పెట్టి, రెండు క్లిప్పులూ నొక్కింది. టిక్కు, టిక్కుమన్నాయి. బుగ్గలు మూత వైపు ఓసారి చూసి, అందదని తెలిసి, చక్రమెక్కింది.

“వేశాను” అంది పిల్ల.

“సరే” అన్నారందరూ. ఈసారి నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండడానికి వాళ్ళు పడిన అవస్థ చూడాలి. మామగారు చేతులు చంకల్లో పెట్టుకుని తొట్టి ముందు నుంచి అటూ ఇటూ నడిచారు. అత్తగారు ఖాళీ చెత్తబుట్ట పట్టుకుని రెండుసార్లు వచ్చి వెళ్ళారు. అన్నదమ్ములు ఒకరినొకరు కాపలా కాసుకుంటూ కూర్చుని, చివరికి ఒకేసారి లేచి వెళ్ళారు.

గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. దీపం ఆర్పడానికి లేచాను. చెయ్యి స్విచ్చు వైపు వెళ్ళాల్సింది, క్లిప్పు మీదకి వెళ్ళింది. నొక్కలేదు, ఆనించానంతే.

“వేశానమ్మా” అంది వెనకనుంచి మా పిల్ల. గుమ్మంలో నిలబడి ఉంది. కోపంగా అన్నా బాగుండేది. అలవాటైపోయినట్టు అంది.

“తెలుసు తల్లీ” అన్నాను, చెయ్యి తీసేస్తూ.

పిల్ల తొట్టి దగ్గరికి నడిచింది. నన్ను కాస్త పక్కకి జరిపి, ఒక క్లిప్పు నొక్కి చూసింది. తర్వాత రెండోది నొక్కి చూసింది. మూత అంచు పట్టుకుని పైకి లాగి, అది రాదని తేలాక, వెళ్ళి పడుకుంది.

దుకాణం బోర్డుకి ఈ ఏడు మళ్ళీ రంగు వేయించాలంటున్నారు మామగారు. వేయించేటప్పుడు ఆ మూడుని నాలుగు చేయమని చెప్పాలి.